చెయ్యి తగలకుండా వెలిగిన దీపం

కంచుపనికి పేరుమోసిన కాంస్యపురిలో, కోటకు తూర్పున ఉన్న వీధిలో, పూటకూళ్ళు పెట్టుకుని బతికే సూరమ్మ ఇంట ఆ రోజు పొయ్యి వెలగలేదు. ఎలా వెలుగుతుంది? వంటింట్లో ఉండవలసిన రోలు పెరటి మధ్యకు నడిచి వచ్చింది. దాని మీద రోకలి అడ్డంగా పడుకుని అటూ ఇటూ ఊగుతోంది. ఉట్టి చూరు వదిలి వేపకొమ్మకు వేళ్ళాడుతోంది. తక్కెడ, చేట, కవ్వం, కవ్వపు తాడు, అన్నీ ఎవరి చోటు వారు వదిలేసి పెరట్లో కొలువుతీరాయి. గోడ మీద ఎండుతున్న పిడకలు సైతం కిందికి దిగి, సైనికుల్లా ఒకదాని వెనుక ఒకటి నిలబడి, బావి చుట్టూ మెలికలు తిరుగుతూ రోకలి దాకా బారులు తీరాయి.

"ఈ పూట అన్నం కావాలంటే నీ యంత్రాన్నే వండమనాలి బాబూ. నా వంటిల్లంతా దాని కడుపులోనే ఉంది," అంది సూరమ్మ గుమ్మంలో నిలబడి.

"ఒక్క పూట ఓర్చుకో పెద్దమ్మా. ఇవాళ దీపం వెలిగిందంటే రేపు రాజుగారే గడప దాటి వచ్చి నీ ఇంట భోంచేస్తారు."

"ఆయన వస్తే మాత్రం? రోలు లేందే ఆయనకైనా పచ్చడి ఎక్కడిది?"

సూరమ్మ 'బాబూ' అని పిలిచే ఆ కుర్రవాడు దేశాలు తిరిగే పనివాడనీ, పేరు కేతనుడనీ వీధంతా నమ్మింది. తలపాగా కింద చుట్టి దాచిన బారెడు జడ సంగతి మాత్రం ఒక్క గండప్పకే తెలుసు. ఆమె వైడూర్య దేశపు రాకుమారి కేతకి. గండప్ప ఆమె తండ్రి కొలువులో కాపలాభటుడు. ఏనుగు లాంటి మనిషి, పసిపిల్లవాడి లాంటి మనసు. చేతికి ఏది అందినా కింద పడేయడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. అందుకే పిడకలు పేర్చినంతసేపూ కేతకి అతణ్ణి బావి గట్టు మీద కూర్చోబెట్టి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకొమ్మని ఆజ్ఞాపించింది.

ఇంత పాటూ ఎందుకంటే, కాంస్యపురి కోట మధ్యలో తామ్రగోపురం ఒకటుంది. దాన్ని కట్టినవాడు ఉల్కాముఖుడనే మాంత్రికుడు. నూనె రాసినట్టు నున్నగా మెరిసే రాగి గోడలు, ఎక్కబోతే కాలు నిలవదు. ఆకాశమార్గాన వచ్చిపోయే మాంత్రికుడికి అడ్డం కాకూడదని పైకప్పే పెట్టుకోలేదు. నేల మీద నడిచేవాళ్ళకు ఉన్నది ఒక్కటే తలుపు, దానికి ఒక్కటే తాళం. లోపలినుంచి గానీ, బయటినుంచి గానీ మనిషి చెయ్యి తగిలిందా, ఆ చెయ్యి రాయైపోతుంది. ఆ గోపురంలో బందీలుగా ఉన్నవారిలో కేతకి అన్న అరిందముడొకడు. రేపు అమావాస్య. అమావాస్యనాడు అరిందముణ్ణి బలి ఇస్తానని ఉల్కాముఖుడు ఎప్పుడో చాటించాడు.

కాంస్యపురి రాజు భద్రకీర్తి మంచివాడే గాని, సింహాసనం దిగి సభామందిరం గడప దాటితే కోట కూలిపోతుందని మాంత్రికుడు ఆయనను శాపంతో కట్టిపడేశాడు. కూర్చున్నచోటే కూర్చుని ఆ రాజు ఒక ఉపాయం ఆలోచించాడు. ఒక్కసారి ముట్టుకుని వదిలేస్తే చాలు, ఒకటి ఇంకొకదాన్ని తోసి, అది మరొకదాన్ని లేపి, చివరకు ఏ చెయ్యీ తగలకుండా దీపం వెలిగించే గొలుసు యంత్రం ఎవరింట్లో వాళ్ళు కట్టాలి. దీపం వెలిగించగల యంత్రం తాళమూ తీయగలదు గదా. అందరిలో మేలైన యంత్రం కట్టినవారిని గోపురం తలుపు దగ్గరికి పంపుతాడు. వారు అడిగిన బందీని వారికే అప్పగిస్తాడు.

మరి గడప దాటని రాజు ఇన్ని పెరళ్ళలో జరిగేది ఎలా చూస్తాడు? అందుకే స్మృతిఫలకాలు. అవి పూర్వం ఆ ఊరి కంచరులు పోతపోసిన కంచుపలకలు. తమ ముందు జరిగినదాన్ని జరిగినట్టు పట్టుకుని, మళ్ళీ కావలసినప్పుడు చూపిస్తాయి. ఒక్కో ఇంటికి ఒక్కో ఫలకం, దాన్ని మోసుకొచ్చే రాజోద్యోగి ఒకడు. సాయంత్రం కోట మీద నగారా మోగేలోగా ఫలకం సభకు చేరాలి. ఆ తర్వాత చేరితే చేరనట్టే.

సూరమ్మ ఇంటికి వచ్చిన ఉద్యోగి పేరు వినయదత్తుడు. సన్నగా, పొడుగ్గా, మాట తేనెలో ముంచి తీసినట్టుండే మనిషి. పొగచూరినట్టు నల్లగా ఉన్న ఫలకాన్ని పీట మీద నిలబెట్టి, చూడవచ్చిన వీధివాళ్ళనందరినీ దాని వెనక్కి పంపాడు.

"కానివ్వు నాయనా," అన్నాడు మందహాసం చేస్తూ.

కేతకి బంతికి అడ్డంగా పెట్టిన చీల లాగింది. ఉసిరికాయంత టేకు బంతి గోడ మీది వెదురు దోనెల్లో గడగడా దొర్లుతూ వచ్చి చేట అంచు మీద పడింది. చేట వంగి, మినుములు జలజలమని తక్కెడ సిబ్బిలోకి ఒలికాయి. సిబ్బి దిగింది, అవతలి సిబ్బి లేచింది, లేస్తూ లేస్తూ ఉట్టిని పట్టుకున్న ముడిని ఊడదీసింది. ఉట్టిలోని కుండ ఊయలలా వచ్చి మొదటి పిడకను ఢీకొట్టింది. ఇక చూడాలి ఆ సంబరం. పిడక మీద పిడక, పిడక మీద పిడక, పటపటమంటూ బావి చుట్టూ ఒరిగిపోతూ వెళ్ళి, ఆఖరిది రోకలి కొన మీద పడింది. రోకలి రెండో కొన పైకి లేచి కవ్వపు తాడును లాగింది. కవ్వం గిర్రున తిరిగి, దానికి కట్టిన ఉక్కుముక్క చకుముకి రాతిని గీరింది. నిప్పురవ్వ కర్పూరం పొడి చల్లిన దూది మీద రాలింది. దీపం వెలిగింది.

వీధివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. తర్వాత ఒక్కసారిగా చప్పట్లు చరిచారు. గండప్ప బావి గట్టు మీదనుంచి దిగి గంతులేయబోయి, తన కాళ్ళ సంగతి గుర్తొచ్చి కూర్చుండిపోయాడు. కేతకికి అన్న ముఖం కళ్ళముందు మెదిలింది.

"భేషుగ్గా ఉంది," అన్నాడు వినయదత్తుడు. నవ్వింది పెదవులే, కళ్ళు కాదు. "పక్క వీధిలో నాకింకో పని ఉంది. చూసుకుని వచ్చి ఫలకం తీసుకెళతాను. అంతదాకా నీ దగ్గరే భద్రంగా ఉంచు తల్లీ," అని సూరమ్మ వైపు తిరిగాడు. వెళుతూ వెళుతూ ఫలకం మీద వేలితో గీసి, వేలు చూసుకున్నాడు. "ఎంత నల్లబడిందో చూడు. రాజుగారి సన్నిధికి నీ ఇంటినుంచి ఇలాగే వెళ్ళాలి గాబోలు."

అంతే అన్నాడు. కాంస్యపురి ఆడవాళ్ళ సంగతి తెలిసినవాడు గనక అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ ఊళ్ళో కంచుసామాను మాసిపోయి ఇంటి గడప దాటితే ఆ ఇల్లాలి పరువు గంగలో కలిసినట్టే. అరువు తెచ్చుకున్న గిన్నెనైనా అద్దంలా తోమి గాని తిరిగివ్వరు. కేతకి, గండప్ప చెల్లాచెదురైన మినుములు ఏరుకుంటూండగా సూరమ్మ ఫలకాన్ని బావి దగ్గరికి తీసుకుపోయింది. చింతపండు, బూడిద కలిపి, కొబ్బరిపీచుతో భుజాలు నొప్పెట్టేలా తోమింది. కడిగి తుడిచి ఎండలో పెట్టి, తన పనితనం చూసి తానే మురిసిపోయింది.

వినయదత్తుడు తిరిగొచ్చేసరికి ఫలకం పుత్తడిలా ధగధగలాడుతోంది.

"అయ్యయ్యో, తోమేశావా తల్లీ? తోమితే దాని జ్ఞాపకమంతా కొట్టుకుపోతుందే. ఫలకాలను ఎన్నడూ తోమరాదని మాకు ఆన," అన్నాడు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని.

"నాకేం తెలుసయ్యా... మాసిపోయి ఉందని తమరే కదా..." అంటూ సూరమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు.

కేతకికి ఒళ్ళు మండిపోయింది, కాని సూరమ్మ మీద కాదు. ఆమె వినయదత్తుడి కళ్ళలోకి సూటిగా చూసింది. "ఏడవకు పెద్దమ్మా. జ్ఞాపకం పోయిందంటే ఫలకం ఖాళీగా ఉందన్నమాట. ఖాళీ అయిన గిన్నెలో మళ్ళీ పోసుకోవచ్చు. ఏమంటారు అయ్యవారూ?"

"మళ్ళీనా? నియమం ఒప్పుకోదు."

"ఇంటికో ఫలకం అన్నారు గాని, యంత్రాన్ని ఒక్కసారే నడపాలని ఎవరూ చాటించలేదే. ఈ వీధిలో ఎవరైనా విన్నారా?"

"వినలేదు, వినలేదు," అన్నారు వీధివాళ్ళంతా. తమ సూరమ్మ ఏడుస్తుంటే వాళ్ళకూ గుండె చెరువైంది. నలుగురి ముందు కాదనలేక వినయదత్తుడు ఎండ వైపు చూశాడు. "అలాగే కానీ. నీడలు ఆ గోడ ఎక్కాయంటే మాత్రం నేను ఫలకం తీసుకుని వెళ్ళిపోతాను."

ఇక ఆ పెరట్లో పరుగే పరుగు. ఒకరు మినుములు ఎత్తారు, ఒకరు తాళ్ళు ముడివేశారు. పగిలిన ఉట్టికుండకు బదులు పక్కింటివాళ్ళు ఊరగాయ జాడీ ఇచ్చారు. విరిగిన పిడకలకు బదులు ఎదురింటివాళ్ళ గోడ ఖాళీ అయింది. కేతకి చెమట తుడుచుకునే తీరిక లేకుండా బావి చుట్టూ మోకాళ్ళ మీద దేకుతూ పిడకలు నిలబెట్టింది. గండప్ప బారు దగ్గరికి వస్తే చాలు, వీధంతా ఏకకంఠంతో "నువ్వు ఆగు" అంది. నీడ గోడ మొదట్లోకి వచ్చేసరికి కేతకి చీల పట్టుకుని నిలబడింది. వీధివాళ్ళు ఫలకం వెనక్కి వెళ్ళారు. వినయదత్తుడు మాత్రం ఈసారి వెనక్కి వెళ్ళలేదు. దగ్గరనుంచి చూస్తానంటూ బావి పక్కన, పిడకల బారు చివర నిలుచున్నాడు.

బంతి దొర్లింది. మినుములు ఒలికాయి. జాడీ ఊగింది. పిడకలు పటపటమంటూ బావి చుట్టూ వచ్చాయి, వచ్చాయి, ఆఖరి పిడక రోకలి మీదికి ఒరిగింది. ఒరిగి, అలాగే ఆగిపోయింది.

పడనూ లేదు, నిలవనూ లేదు. గాలిలో సగానికి వాలి, ఎవరో పట్టుకున్నట్టు ఉండిపోయింది.

"తగులుకున్నట్టుంది పాపం. చేత్తో కాస్త తోసేయకూడదూ?" అన్నాడు వినయదత్తుడు జాలిగా.

తోస్తే అంతటితో సరి. కేతకి చెయ్యి ముందుకు రాబోయి ఆగింది. దిక్కుతోచక తలెత్తింది. ఎదురుగా ఫలకం ఉంది. పొద్దున పొగచూరి ఏమీ కనిపించని ఆ కంచు, సూరమ్మ చేతి చలవ వల్ల ఇప్పుడు నిలువుటద్దమై ఉంది. అందులో పెరడంతా కనిపిస్తోంది. వేపచెట్టు ఉంది, బావి ఉంది, గండప్ప ఉన్నాడు. తలపాగా కుర్రవాడు నిలబడ్డచోట బారెడు జడతో ఒక రాకుమారి ఉంది. వినయదత్తుడు ఉండవలసిన చోట, కొలిమిలా మండే నోరు, ఎర్రటి జడలు, ఎముకల దండ వేసుకున్న ఉల్కాముఖుడు కుడిచేతి చూపుడువేలు పిడక వైపు చాపి నిలబడ్డాడు.

మాసిన ఫలకం చూసినదాన్ని దాచుకుంటుంది. తోమిన ఫలకమూ దాచుకుంటుంది గాని, దాని ముందు ఏ మారువేషమూ నిలవదు. ఈ రెండో సంగతి ఉల్కాముఖుడు ఎప్పుడైనా విని ఉంటే మరిచిపోయి ఉండాలి, ఎందుకంటే అటు చూడనైనా చూడకుండా పిడక మీదే దృష్టి నిలిపాడు. సూరమ్మ చేత ఫలకం తోమించి పెద్ద పప్పులోనే కాలేశాడు.

అరిస్తే వాడు ఫలకాన్ని పిండి చేస్తాడు. యంత్రాన్ని ముట్టుకుంటే పోటీ పోతుంది, దాంతోపాటు అన్న పోతాడు. మిగిలింది ఆ వేలు. కేతకి గుమ్మం వైపు తిరిగింది.

"పెద్దమ్మా, అయ్యవారు పొద్దుటినుంచీ ఎండలో నిలబడే ఉన్నారు. మన ఇంటికి వచ్చినవారికి గుక్కెడు మజ్జిగైనా ఇచ్చుకోలేదు."

కన్నీళ్ళలో ఉన్నా సూరమ్మకు ఆ మాట చురుక్కుమని తగిలింది. పరుగున లోపలికి వెళ్ళి, ఉప్పూ కరివేపాకూ వేసిన చల్లటి మజ్జిగ కంచులోటా నిండా తెచ్చి, ఆయన ఎదుట నిలబడి రెండు చేతులతో అందించింది.

"పుచ్చుకోండి అయ్యా. చేసిన తప్పు మనసులో పెట్టుకోకండి."

వీధి వీధంతా చూస్తోంది. పెద్ద ముత్తైదువ రెండు చేతులా ఇచ్చేదాన్ని వద్దనేవాడు కాంస్యపురిలో ఉండడు, ఎడమచేత్తో పుచ్చుకునేవాడు అసలే ఉండడు. ఉన్నాడంటే వాడు ఈ ఊరివాడూ కాడు, రాజోద్యోగీ కాడు. వేషం కాపాడుకోవడం తప్ప ఆలోచించే వ్యవధి ఉల్కాముఖుడికి లేకపోయింది. కుడిచెయ్యి చాపి లోటా అందుకున్నాడు.

పిడక టప్పున పడింది.

రోకలి లేచింది. తాడు లాగింది. కవ్వం గిర్రుమంది. నిప్పురవ్వ రాలింది, దూది భగ్గుమంది, దీపం నిండుగా వెలిగింది. వీధివాళ్ళ కేకలకు వేపచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. కేతకికి పట్టరాని ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

మజ్జిగ పెదవులకు ఆనించిన ఉల్కాముఖుడు అప్పుడు చూశాడు ఫలకం వైపు. తన మండే నోరు తనకే కనిపించింది. పక్కనే జడ వేసుకున్న రాకుమారీ కనిపించింది. లోటా విసిరికొట్టి, ఒక్క దూకున పీట దగ్గరికి చేరి ఫలకాన్ని కుడిచేత్తో పట్టాడు. కేతకి రెండో అంచు పట్టుకుంది.

"నియమం ప్రకారం ఫలకం మోయవలసింది నేను," అన్నాడు వాడు పళ్ళ మధ్యనుంచి.

"మోయండి. నేనూ ఒక చెయ్యి వేస్తాను."

వాడు పక్కున నవ్వాడు. ఆ నవ్వుకు వినయదత్తుడి సన్నటి ముఖం ఎండిన తాటాకులా చీలిపోయింది. లోపలినుంచి పొగా, మంటా, ఎర్రటి జడలూ బయటపడ్డాయి. జనం హాహాకారాలు చేస్తూ కాళ్ళకు బుద్ధి చెప్పారు. మాంత్రికుడు నేలను తన్ని పైకి లేచాడు, ఫలకం అంచుకు వేళ్ళాడుతూ కేతకి కూడా లేచింది. తలపాగా ఊడిపోయింది. బారెడు జడ గాలిలో కొరడాలా ఆడింది.

"వదలకు తల్లీ," అని కిందినుంచి అరిచింది సూరమ్మ. బాబు ఎప్పుడు తల్లి అయ్యాడో అడిగే తీరిక ఆమెకు లేదు. అరవడంతో సరిపెట్టక గండప్పను వీపు మీద ఒక్కటి చరిచింది. "చూస్తావేమిరా, పరిగెత్తు."

గండప్ప పరిగెత్తాడు. కింద అతను, పైన వాళ్ళు. ఇళ్ళ పెంకులు, కంచరుల కొలిముల పొగలు, కోట బురుజులు కేతకి కాళ్ళకింద వెనక్కి జారిపోయాయి. నగారా కొట్టేవాడు దుడ్డుకర్ర చేతబట్టి బురుజు మీద నిలబడి ఉండటం ఆమెకు స్పష్టంగా కనిపించింది. అంతలో ఎదురుగా సాయంత్రపు ఎండకు రక్తంలా మెరుస్తూ తామ్రగోపురం వచ్చింది. దాని తెరిచిన నోటి అడుగున చీమల్లా మనుషులు. వాళ్ళలో ఒకడు తలెత్తి చూస్తున్నాడు. ఎంత దూరాన ఉన్నా ఆ నిలబడే తీరు ఆమెకు తెలుసు.

"వదులు," అన్నాడు ఉల్కాముఖుడు. "వదిలితే ముక్కలవుతావు, వదలకపోతే బూడిదవుతావు. ఏది కావాలో నువ్వే చెప్పు."

కేతకి శక్తికొద్దీ పైకి లాక్కుని వాడి కుడిచేతి మణికట్టును పళ్ళతో గట్టిగా పట్టింది. వాడు కెవ్వుమని చెయ్యి విదిలించాడు. ఆ విదిలింపుకు ఫలకం అటు ఎగిరింది, కేతకి ఇటు ఎగిరిపడింది. ఫలకం గోపురం బయట వీధి వైపు, గండప్ప చేతులు చాచి పరుగెత్తుకొస్తున్న వైపు పడుతోంది. పుట్టి బుద్ధెరిగి ఏ వస్తువునూ నేల పాలు కాకుండా పట్టుకోని గండప్ప వైపు.

ఉల్కాముఖుడు ఆకాశంలో ఒక్క క్షణం అటూ ఇటూ కొట్టుకున్నాడు. పిల్లను పట్టాలా, ఫలకాన్ని పట్టాలా? ఫలకం సభకు చేరితే తన బండారమంతా బయటపడుతుంది. పిల్ల ఎటూ తన గోపురంలోనే పడుతోంది. వాడు గద్దలా ఫలకం వెంట దూకాడు.

కేతకి కళ్ళు మూసుకుంది. గాలి చెవుల్లో హోరెత్తింది. తర్వాత మెత్తటి గడ్డికుప్ప, నడుము చుట్టూ ఒక బలమైన చెయ్యి, తెలిసిన గొంతు. "కేతకీ, నువ్వా?"

ఆమె కళ్ళు తెరవకుండానే చెవులు రిక్కించింది. అంత ఎత్తునుంచి కంచు నేల మీద పడితే ఊరంతా ఖంగుమనాలి. మోగలేదు. మరికాసేపు వింది. మోగలేదు. మాంత్రికుడికే దొరికి ఉంటే వాడి నవ్వైనా వినిపించేది, గండప్పే జీవితంలో మొదటిసారి ఒక వస్తువు పట్టుకున్నాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అంతలోనే బురుజు మీద నగారా మొదటి దెబ్బ మోగింది. ఫలకం సభకు చేరిందో, దారిలో గండప్ప మాంత్రికుడి చేతికి చిక్కాడో ఇక్కడినుంచి తెలిసే దారి లేదు.

"అన్నయ్యా," అంటూ అతని రెండు చేతులూ పట్టుకోబోయింది. ఒకటే వెచ్చగా తగిలింది. రెండోది మణికట్టు దాకా నల్లరాయి.

అరిందముడు దాన్ని వెనక్కి దాచుకోబోయాడు. "తాళం ముట్టుకున్నాను. నాలాంటివాళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నారు. ఎవరూ తీయలేకపోయాం. నువ్వెందుకొచ్చావమ్మా, రేపటితో నేనొక్కణ్ణే పోయేవాణ్ణి గదా."

కేతకి ఆ రాతిచేతిని తీసుకుని చెంపకు ఆనించుకుంది. చల్లగా ఉంది. ఏడవాలనిపించింది, కాని వాడు ఏ క్షణానైనా తిరిగొస్తాడు. ఆమె కళ్ళు తుడుచుకుని లేచి, చుట్టూ కలయజూసింది. తలుపు, దాని మీద నల్లటి తాళం, మూలన గడ్డి, నీళ్ళ కుండలు, తెగిన సంకెళ్ళు, భయంతో గోడలకు అతుక్కుపోయి తననే చూస్తున్న బందీలు. ఎప్పుడు బిగించిందో తెలియదు, జడ కొన నడుముకు బిగించి ఉంది.

"అదంతా తర్వాత అన్నయ్యా. ముందు ఇక్కడ దొర్లేవీ, జారేవీ, ఊగేవీ ఏమేం ఉన్నాయో అన్నీ నా దగ్గరికి తెప్పించు."